పట్టాభిషేకానికి ముందటి రాత్రులు

చిరుతల రామాయణం మాటెత్తితే చాలామందికి గుర్తొచ్చేది ఆఖరి రాత్రే. కిరీటాలు, భుజకీర్తులు, హార్మోనియం, పట్టాభిషేకం నాడు ఊరు చదివించే కట్నాలు, తెల్లారేదాకా కదలని జనం. పాత వరంగల్ జిల్లాలో ఉండి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయిన ఈ పల్లెల్లో పెద్దవాళ్లను కదిలిస్తే ఆ రాత్రి గురించి కళ్లకు కట్టినట్టు చెబుతారు. నేననేది మాత్రం వేరు. ఊరికి మిగిలే అసలు లాభం ఆ రాత్రిది కాదు. దానికి ముందు రెండు మూడు నెలలపాటు పొద్దుగూకినంక గుడి ముందరో బడి ఆవరణలోనో సాగే నేర్చుకోవడానిది. మనుషుల్ని అన్ని రాత్రులు ఒకచోట కూర్చోబెట్టడానికి ప్రదర్శన ఒక సాకు. ఆ సాకు లేకపోతే వాళ్లు కూర్చోరు కాబట్టి దాని విలువ దానికుంది. కానీ దాన్నే అసలు ఫలం అనుకుంటే, ఏది పోతోందో, దేన్ని కాపాడుకోవాలో పొరపాటు పడతాం.

ఆ నేర్చుకోవడం ఎట్లా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ఊరివాళ్లు చందాలేసుకుని ఒక గురువును పిలిపించుకుంటారు. వేషాలు పంచుకుంటారు. పగలు ఎవరి పని వాళ్లది: ఒకరు దున్నుతారు, ఒకరు మిషన్ కుడతారు, ఒకరు ఆటో నడుపుతారు. రాత్రి అన్నాలు తిని వచ్చి వలయంగా నిలబడతారు. చిరుత అంటే చేతిలో ఇమిడే రెండు చెక్కలు. ఒకదాన్ని బొటనవేలికి, రెండోదాన్ని తక్కిన వేళ్లకు తొడుక్కుని, వేళ్లు మూసి తెరిస్తే వాటికి గుచ్చిన లోహపు బిళ్లలు గలగలమంటాయి. పాత్రధారి పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు తిరుగుతూ అందుకుంటారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఇరవై చేతుల్లో ఒక్క చేయి దెబ్బ ముందు పడినా వెనక పడినా అది అందరికీ వినిపిస్తుంది. గురువు ఆపుతాడు. మళ్లీ మొదటి నుంచి. తప్పు చేసినవాడి కోసం మిగతా అందరూ ఆ అడుగు మళ్లీ వేయాలి. విసుక్కుంటారు, నవ్వుతారు, పక్కవాడు కాలు చూపించి సరిచేస్తాడు. ఒకరి లోపం అందరి పనీ అయ్యే ఇలాంటి ఏర్పాటు పల్లె జీవితంలో ఇంకెక్కడుందో ఆలోచించండి. నాట్లకూ కోతలకూ ముఠా ఉంటుంది, నిజమే. కానీ అక్కడ కూలి లెక్క ఉంది, యజమాని చూపు ఉంది. ఇక్కడ అవి లేవు.

ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పే పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్, కొత్త మనిషి స్నేహితుడు కావడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కగట్టే ప్రయత్నం చేశాడు. 2018లో వెలువడిన ఆయన ఫలితాల ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, గట్టి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. అంతకన్నా విలువైన మాట ఇంకొకటి అందులోనే ఉంది: ఉద్యోగం కోసం కలిసి గడిపిన గంటలు ఈ లెక్కలో పెద్దగా కలిసిరావు, తీరిక వేళ ఇష్టంగా గడిపినవే మనుషుల్ని దగ్గర చేస్తాయి. ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. రాత్రికి మూడు గంటల చొప్పున రెండు నెలలు నేర్చుకుంటే 180 గంటలు. మూడో నెలకు సాగితే 270. ప్రదర్శన నాలుగైదు రాత్రులు, ఆ హడావిడిలో తోటివాడితో నాలుగు మాటలు మాట్లాడే తీరిక కూడా ఉండదు. స్నేహాన్ని కట్టింది ఏదో అంకెలే చెబుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన మరో అధ్యయనం దీనికి తోడు నిలుస్తుంది. పాట, చేతిపనులు, రచన నేర్చుకునే వయోజనుల తరగతులను వాళ్లు ఏడు నెలలు గమనించారు. చివరికి అన్ని తరగతులవాళ్లూ ఒకే స్థాయిలో దగ్గరయ్యారు గానీ, పాట తరగతివాళ్లు అందరికన్నా త్వరగా దగ్గరయ్యారు. గొంతు కలిపితే బెరుకు త్వరగా పోతుంది. ఆ తర్వాతి పని కాలం చేస్తుంది. చిరుతల వలయంలో ఈ రెండూ ఉన్నాయి.

పల్లెలో ఒకరికొకరు పుట్టినప్పటి నుంచీ తెలుసు కదా, కొత్తగా స్నేహం చేసుకునేదేముంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ తెలిసుండడం ఎలాంటిదో చూడాలి. ఫలానావాడు మా పాలివాడు, ఫలానావాడితో గెట్టు పంచాయితీ ఉంది, ఫలానావాడి దగ్గర మా నాయిన జీతం ఉన్నాడు. ఊళ్లో ప్రతి మనిషీ ఇంకో మనిషికి ముందే ఖాయమైన ఒక స్థానంలో తెలుసు. ఆ స్థానం దాటి చూసే అవకాశం అరుదు. వలయంలోకి వచ్చాక పదెకరాల ఆసామి అడుగు తప్పి, తన పొలంలో పనిచేసేవాడి ముందే గురువుతో చీవాట్లు తింటాడు. గొంతున్నవాడికి గొంతు విలువ, జ్ఞాపకశక్తి ఉన్నవాడికి దాని విలువ. పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషిలో తెలియని మనిషి కనిపించేది అక్కడే. కొత్త పరిచయానికి ఎన్ని గంటలు కావాలో, పాత పరిచయాన్ని దాటడానికి అంతకన్నా ఎక్కువే కావాలని నా నమ్మకం.

ఇంటి జ్ఞాపకాలకు కూడా ఇదే వర్తిస్తుంది. నాయిన హనుమంతుడి వేషం కట్టిన రాత్రి పిల్లవాడు సగం నిద్రలో ఉంటాడు. వాడి మనసులో నాటుకునేది అది ఒక్కటే అయితే, అదొక ఫొటో లాంటిది. కానీ అంతకు ముందు రెండు నెలలు నాయిన బర్రెకు నీళ్లు పెడుతూ పద్యం నెమరేసుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే మరిచిపోయిన పాదం అందించింది. నాయినకు రాకముందే పిల్లలకు వచ్చేసింది. ఇంట్లో పాట ఇట్లా నలిగి నలిగి ఇంటిదైపోతుంది. మనుమల తరం దాకా నిలిచే జ్ఞాపకాలు ఎక్కువగా ఇలా మళ్లీ మళ్లీ జరిగినవే. ఒక్కసారి జరిగినదాన్ని ఆల్బమ్ గుర్తుపెట్టుకుంటుంది, మనుషులు గుర్తుపెట్టుకునేది రోజూ జరిగినదాన్ని.

ఈ నేల మీద ఇంతకన్నా గొప్ప కళలున్నాయి కదా, వాటిని వదిలి సరదా ఆట గురించి ఇంత చెప్పాలా అనేవాళ్లూ ఉంటారు. ఉన్నాయి, వాటికి చేతులెత్తి మొక్కాలి. జనగామ జిల్లా మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను దేశమంతా వినిపించి 2017లో కన్నుమూశారు. అదే జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్నారు. కానీ చిందు, ఒగ్గు తరతరాలుగా కొన్ని కుటుంబాలు మోసుకొచ్చిన విద్యలు, వాళ్ల బతుకుదెరువు. అక్కడ ఊరు చూస్తుంది, వాళ్లు ఆడతారు. చిరుతల్లో ఊరే ఆడుతుంది. నైపుణ్యంలో సత్తయ్య గారి పక్కన నిలబెట్టడానికి వీల్లేకపోవచ్చు, నిలబెట్టాల్సిన అవసరమూ లేదు. రాగం సగమే వచ్చిన మనిషికీ వలయంలో చోటుండడం దాని బలం. ఇది భక్తే తప్ప సరదా కాదు అనేవారికి నా జవాబు చిన్నదే: భక్తి మాత్రమే అయితే గుళ్లో దండం పెట్టుకుని ఇంటికి పోవచ్చు, రెండు నెలలు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతేమిటన్నది గట్టి అభ్యంతరం. చిరుతల్లో సీత వేషం కూడా చాలాకాలం మగవాళ్లే కట్టారు. నేర్చుకునే రాత్రులు కూడా మగవాళ్లవే. ఆడవాళ్లకు దక్కింది చూసేవాళ్ల చాప. ఇవాళ ఆ లోటును పూరిస్తున్నది కోలాటం. ఒకే రంగు చీరల్లో జాతరలకూ శ్రీరామనవమికీ వచ్చే మహిళా బృందాలను ఈ మధ్య ఎక్కడ చూసినా చూస్తున్నాం. వాళ్ల జడ కోలాటం దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడాలి. పైన ఒకచోట కట్టిన తాళ్లు కిందికి వేలాడతాయి. ఒక్కొక్కరూ ఒక తాడు పట్టుకుని, ఒకరి ముందు నుంచి ఒకరి వెనక నుంచి అడుగేస్తూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి ఆడుతూ జడ విప్పాలి. ఎవరో ఒకరు ముందు వెళ్లాల్సిన చోట వెనక వెళ్తే అల్లేటప్పుడు పెద్దగా తెలియదు. విప్పేటప్పుడు ముడి పడుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో అందరూ కలిసి వెతకాలి. అత్తా కోడలూ, ఎదురింటివాళ్లూ, పొదుపు సంఘంలో వాయిదా దగ్గర మాట మాట అనుకున్నవాళ్లూ ఒకే ముడి కింద తలలెత్తి నిలబడే సందర్భం అది. ఆ విద్య నెలల సాధన మీద గానీ రాదు.

మహబూబాబాద్ వైపు వెళ్తే మాట ఇంకా తేటపడుతుంది. ఆ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వాళ్లలో లంబాడాలు ఎక్కువ. తండాల్లో వానకాలంలో పెళ్లికాని ఆడపిల్లలు జరుపుకునే తీజ్‌లో ప్రదర్శనంటూ వేరే లేదు. చిన్న బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం కలిసి నీళ్లు తెచ్చి పోస్తూ, పాడుతూ, ఆడుతూ మొలకల్ని పెంచుతారు. ఆఖరి రోజు ఆ మొలకలు అన్నదమ్ముల తలపాగాల్లో పెట్టి, మిగిలినవి నీళ్లలో కలుపుతారు. తొమ్మిది రోజుల సావాసమే పండుగ. వచ్చే ఏడాదికి ఆ గుంపులో కొందరు పెళ్లయి వెళ్లిపోతారని అందరికీ తెలుసు, బహుశా అందుకే ఆ పాటలు అంత లోతుగా మనసులో పడతాయి. భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీల్లో పరిస్థితి వేరు. పక్కింటివాళ్లది వేరే ఊరు, ఇంటాయనది నైట్ షిఫ్టు. హాల్ చెప్పిన గంటలు నిజంగా సున్నా నుంచి మొదలుపెట్టాల్సింది అక్కడే. బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలు చేసే మేలు కూడా అక్కడే ఎక్కువ.

ఇదంతా గడిచిన కాలపు ముచ్చట, ఇప్పుడు ఫోన్లున్నాయి, స్నేహాలకేం కొదవ అనే మాటను కూడా తేలిగ్గా తీసెయ్యలేం. హైదరాబాద్‌కూ దుబాయ్‌కీ వెళ్లినవాళ్లను ఊరితో కలిపి ఉంచుతున్నది ఫోనే. కానీ ఉన్న స్నేహాన్ని నిలబెట్టడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. అమెరికాలో రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం ఈ సంగతిని బౌలింగ్ ఆటలో పట్టుకున్నాడు. 1980 నుంచి 1993 వరకు అక్కడ బౌలింగ్ ఆడేవాళ్లు 10 శాతం పెరిగారు, జట్లుగా చేరి లీగుల్లో ఆడడం మాత్రం 40 శాతం పడిపోయింది. ఆట బతికే ఉంది, వారం వారం అవే ముఖాలు కలుసుకోవడం పోయింది. అంతకుముందు ఇటలీ మీద రాసిన పుస్తకంలో, పాలన బాగున్న ప్రాంతాల్లో బృందగాన సంఘాలూ ఆటల క్లబ్బులూ దట్టంగా ఉండడం ఆయన చూపించాడు. మన దగ్గర కూడా రామాయణం ఎక్కడికీ పోలేదు, టీవీలో ఉంది, ఫోన్లో ఉంది, ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. పోయింది నేర్చుకునే రాత్రి.

అందుకే ఖర్చు ఎక్కడ పెడుతున్నామన్న ప్రశ్న వస్తుంది. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9 వేల మందికి పైగా మహిళలు బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. గర్వపడాల్సిందే. అయినా ఆ ఒక్క పూట పక్కన నిలబడ్డ మనిషి పేరు తర్వాత ఎందరికి గుర్తుంటుంది? ఊళ్లలో దాతలు సౌండ్ సిస్టమ్‌కిస్తారు, స్టేజీకిస్తారు, శాలువాలకిస్తారు. గురువుకు మూడు నెలల భత్యం, ఆడుకునే జాగాలో ఒక లైటు, ఒక మంచినీళ్ల డ్రమ్ము, ఆడవాళ్లు రాత్రి ఇంటికి తిరిగి వెళ్లే దారిలో వెలుగు — వీటికి అడిగేవాడు లేడు, ఇచ్చేవాడూ లేడు. పంచాయతీ తల్చుకుంటే ఇవి పెద్ద పద్దులేమీ కావు.

చివరిగా, నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే అభ్యంతరం కులం. వలయం అందర్నీ కలుపుతుందని ఇంతసేపూ రాశాను. వలయంలోకి ఎవర్ని రానిచ్చారన్నది వేరే ప్రశ్న. రాముడి వేషం ఎవరికి, రాక్షసుల వేషాలు ఎవరికి అన్నచోట ఊరి కొలతలు పనిచేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. దళితవాడ దూరం నుంచి చూసిన ఊళ్లూ ఉన్నాయి. సాధన ఈ గోడను దానంతటదే కూల్చదు. స్నేహాన్ని పుట్టించే గంటలు నేర్చుకునే రాత్రుల్లో ఉన్నాయన్న నా మాట నిజమైతే, బయట నిలబెట్టిన మనిషి పోగొట్టుకున్నది ఒక వేషం మాత్రమే కాదు, ఆ 180 గంటలూ పోగొట్టుకున్నాడు. లోపలున్నవాళ్లు అతనితో గడపాల్సిన 180 గంటలు పోగొట్టుకున్నారు. కాబట్టి కమిటీవాళ్లను అడగాల్సింది పట్టాభిషేకం నాడు కాదు, వేషాలు పంచుకునే మొదటి రాత్రి. ఈ వేసవిలో ఏ ఊళ్లోనైనా గురువును పిలిపించుకుంటుంటే, ఆ రాత్రి అన్ని వాడల నుంచీ మనుషులు వచ్చారో లేదో చూసుకోండి. రాముడి వేషానికి గొంతునూ గుర్తుపెట్టుకునే శక్తినీ మాత్రమే పరీక్షించమనండి. లవకుశుల వేషాలకు ఆడపిల్లల పేర్లు కూడా రాయించండి.