చెయ్యులు కడుక్కున్నా

“తాతా, చెయ్యులు కడుక్కున్నా” అంటూ మా మనవరాలు తడి అరచేతులు రెండూ నా ముఖం ముందు చాపింది. దానికి మూడున్నరేళ్ళు. నేను ముప్పై ఏళ్ళు పత్రికాఫీసుల్లో ప్రూఫులు దిద్దినవాణ్ణి. నోటిదాకా వచ్చిన ‘చేతులు’ను మింగేశాను. మా కోడలు ఊరుకోలేదు. “చేతులు అనాలి బంగారం.” పిల్ల బుద్ధిగా తలూపి, “ఆ... చెయ్యులు” అంది.

సాయంత్రాలు హబ్సిగూడ నుంచి దాన్ని ఉస్మానియా క్యాంపస్‌కి తీసుకెళ్తాను. ఆ రోజు ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని కాగితమ్మీద ఒక వింత జంతువును గీశాను. “ఇది డోపి. ఇదిగో, ఇంకోటి వచ్చింది. ఇప్పుడు రెండు...?”

“డోపులు!”

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ ‘వగ్’ అని లేని ప్రాణి బొమ్మ చూపించి పిల్లల్ని అడిగిన ప్రశ్నే ఇది. డోపి అన్న మాట నేను అప్పటికప్పుడు పుట్టించింది, ఎవరి నోటా విని ఉండదు. అయినా ‘డోపిలు’ అనలేదు. కోతి కోతులైనట్టు, పిల్లి పిల్లులైనట్టు చివరి ఇకారాన్ని ఉకారం చేసేసింది. అన్నేళ్ళు కోతుల్నీ కత్తుల్నీ దిద్దిన నాకు ఆ సూత్రం వ్యాకరణ పుస్తకం తిరగేస్తే గానీ తట్టలేదు.

ఆ లెక్కన చెయ్యి ‘చెయ్యులు’ కావాల్సిందే. గొయ్యి గోతులు, నుయ్యి నూతులు, చెయ్యి చేతులు కావడం మన భాష పెంకితనం. హబ్సిగూడ పిల్లకు నుయ్యి ఎక్కడ కనిపిస్తుంది, నూతులు వినడానికి!

మొన్నటిదాకా దానికి పుస్తకం ‘పుత్తకం’, వస్తా ‘వత్తా’. పదం మధ్యలో రెండు వేరు హల్లులు కలిస్తే నోరు తిరగక ఒకదాన్నే ఒత్తి పలికేది. మనం పసివాళ్ళకని దాచిన బువ్వ, బొజ్జ, బజ్జో కూడా ఆ అచ్చులోవే. తెలుగు పిల్లల జంట హల్లుల మీద 1981లోనే జర్నల్ ఆఫ్ చైల్డ్ లాంగ్వేజ్‌లో వ్యాసం వచ్చింది. అన్నట్టు, మా అమ్మ బతికినంతకాలం ‘వత్త’ అనే అంది. ఆమెను దిద్దే ధైర్యం ఎవరికుంది?

ఎర్ర కలం పక్కన పెట్టి, ఇప్పుడు దాని మాటలకు తేదీలు వేసి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మీ ఇంట్లో మూడేళ్ళవాళ్ళుంటే మీరూ మొదలుపెట్టండి, కాస్త తొందరగా. నిన్న రాత్రి అన్నానికి కూర్చుంటూ మాది, ఎవరూ అడక్కుండానే, “చేతులు కడుక్కున్నా” అనేసింది.