తూటాకు పండగా?

పేరు చూసి పుస్తకం కొనేవాళ్లున్నట్టే, పేరు విని పాట మానేసేవాళ్లూ ఉంటారు. 1981లో ఇంగ్లండులో సరిగ్గా అదే జరిగింది.

కోవెంట్రీ ఊరి ‘సెలెక్టర్’ బృందం వాయించేది స్కా. 1950ల చివర జమైకాలో పుట్టిన బాణీ అది. గిటారు దెబ్బ తాళం మీద పడదు, తాళానికీ తాళానికీ నడుమ పడుతుంది. కాళ్లు వాటంతటవే ఆడతాయి. 1980లో వచ్చిన మొదటి ఆల్బం ‘టూ మచ్ ప్రెషర్’ బ్రిటిష్ పట్టికలో 5వ స్థానం దాకా ఎక్కింది. ఏడుగురిలో ఒక్కతే ఆడపిల్ల, పాలీన్ బ్లాక్. మగవాళ్ల సూటు, నెత్తిన టోపీ! అంతకుముందు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేదట. పాటలోనూ ఆ చూపు పోలేదనిపిస్తుంది నాకు.

రెండో ఆల్బం పేరు ‘సెలబ్రేట్ ది బుల్లెట్’. తూటాకు పండగ చెయ్యండీ అని! జాన్ లెనన్‌ని కాల్చి చంపింది 1980 డిసెంబరు 8న. ఆ ఏడుపు ఆరకముందే ఇదేం పేరమ్మా అన్నారు. మార్చి 30న అమెరికాలో రీగన్ మీద కాల్పులు. ఇంకేముంది, టైటిలు పాట రేడియోలో వినబడటమే గగనమైపోయింది. ఆల్బం 41 దగ్గర ఆగింది.

తీరా వింటే అది పొగడ్త కాదు, దెప్పు. నియోల్ డేవిస్ రాసిన ఆ పాటలో గంతుల్లేవు. శవం వెనక నడుస్తున్నట్టు నెమ్మదిగా సాగుతుంది. తాగొచ్చిన మొగుడితో మన ఇళ్లలో ఆడవాళ్లు “చాలా గొప్ప పని చేశారు” అంటే మెప్పనుకుంటామా? వ్యంగ్యం గొంతులో ఉంటుంది, అట్ట మీద కనబడదు.

ఈ పాట నేను విన్నది డుంబ్రిగుడలో, నవల పని మీద ఉంటూ. ఈ మండలంలోనే, లివిటిపుట్టు దగ్గర, 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు కాల్చి చంపారు. ఇక్కడ కూచుని వింటే ఆ పేరులోని ఎత్తిపొడుపు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాగని వెనకేసుకు రాను. మొదటిదానిలోని తోసుకొచ్చే జోరు ఇందులో తగ్గింది. డెస్మండ్ బ్రౌన్, చార్లీ ఆండర్సన్ అప్పటికే వెళ్లిపోయారు, ఆ వెలితి తెలుస్తూనే ఉంటుంది. కానీ నా కినుక రేడియో మీద కాదు, మళ్లీ గంతులే కావాలన్న అభిమానుల మీద. మొదటి నవల నచ్చితే రెండోదీ అదే రాయమనే పాఠకులు నాకూ ఉన్నారు లెండి!

వినదలిస్తే టైటిలు పాటతోనే మొదలుపెట్టండి, అట్ట బోర్లించి.