సిక్స్ బై సిక్స్ ఉన్నా

మా చెల్లెలి కొడుక్కి రెండు కళ్లూ సిక్స్ బై సిక్స్. అద్దాలు అక్కర్లేదన్నారు. అయినా మూడో తరగతి వాచకంలో నాలుగు వరుసలు దాటేలోపు దారి తప్పుతాడు. విడిగా రాసిచ్చిన మాటను టక్కున చదివేస్తాడు, అదే మాట పేరాలో ఉంటే పోల్చుకోలేడు. కూడికల్లో పదులు ఒకట్ల కిందికి జారిపోతాయి. బడిలో దీనికి అశ్రద్ధ అని పేరు పెట్టారు. డాక్టర్లు ఇంకా ఏ పేరూ పెట్టలేదు.

1862లో డచ్ వైద్యుడు స్నెల్లెన్ తయారుచేసిన పట్టిక చూపు పదునునే కొలుస్తుంది. తెల్లటి అట్ట మీద నల్లటి అక్షరాలు, దేనికది విడిగా. వాచకం పేజీ అలా ఉండదు, పెళ్లిపందిరి అసలే ఉండదు. కంటికి అందినదాంట్లో ఏది ముందుంది, ఏది వెనకుంది, ఏది ఎంత దూరమన్నది తేల్చేది మెదడు. అక్కడ చిక్కుంటే పట్టిక పట్టుకోలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనూ, పుట్టేటప్పుడు ఆక్సిజన్ చాలని పిల్లల్లోనూ ఇలాంటి ఇబ్బందులు రావచ్చు. అందుకే డాక్టరు అడగకపోయినా కాన్పు సంగతులు చెప్పాలి.

పైగా మన అక్షరాలు. ద కింద చిన్న గీత పెడితే ధ, పొట్టలో చుక్క కూడా పెడితే థ. వరుస కింద వేలాడే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటాయి. ఇప్పటి సర్కారు పుస్తకాలు కొన్నింట్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. వాడు చదివేటప్పుడు ఆ ఎదుటి పేజీని తెల్లకాగితంతో కప్పేస్తాం. అట్టముక్కకు ఒక్క వరుస పట్టేంత కిటికీ కోసి పేజీ మీద జరుపుతాం. లెక్కలకు గళ్ల నోటుబుక్కు, గడికి ఒకే అంకె, పేజీకి ఒకే లెక్క. కాగితం దండగని మా అమ్మ సణుగుతుంది, సణగనీ.

చదువు ఒక్కటే కాదు. స్టీలు కంచం పక్కన స్టీలు గ్లాసు పెడితే చెయ్యి తగిలి నీళ్లు ఒలకడం ఖాయం. ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు పెట్టాక ఆ గొడవ తగ్గింది. మెట్ల అంచులకు పసుపు టేపు అతికించాం. జనంలో పక్కనే ఉన్న తల్లిని వెతుక్కుంటాడని, పెళ్లిళ్లకు ముదురు రంగు సాదా చీర కట్టుకోమన్నాను. “అక్కా, బుటాలు లేని పట్టుచీర ఎక్కడ దొరుకుతుందో నువ్వే చూపించు” అంది చెల్లెలు.

తప్పు రాసినదాన్ని పదిసార్లు రాయించడం మాత్రం శుద్ధ దండగ. రంగుటద్దాలు కొనమనేవాళ్లూ తగులుతారు. చదువు ఇబ్బందులకు అవి పనికొస్తాయనడానికి తగిన ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2009లోనే చెప్పింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. అందులో చూపు లోపానికి కొలత పదును, చూపు పరిధి. సిక్స్ బై సిక్స్ పిల్లాడు ఆ కొలతలకు అందడు. అభ్యసన వైకల్యం కింద చేర్చాలన్నా విడిగా పరీక్షలు చేయించాలి. తిరుగుతున్నాం, తిరగాల్సిందే. ఈలోగా టీచర్లకు ఒక మనవి. బోర్డు మీది పాఠం దించుకోలేక తంటాలు పడే పిల్లలుంటే, పక్కవాళ్ల నోటుబుక్కు చూసి రాసుకోనివ్వండి. దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.