ఉగ్గబట్టిన నటన

టెరెన్స్ డేవిస్ తీసిన ‘డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్’ (1988)లో ఒక క్రిస్మస్ ఘట్టం ఉంది. లివర్‌పూల్‌లో ఓ కార్మికుడి ఇల్లు. రాత్రిపూట తండ్రి క్రిస్మస్ చెట్టును శ్రద్ధగా అలంకరిస్తాడు, నిద్రపోతున్న పిల్లల్ని చూసి మురిసిపోతాడు. ఆ చూపులో ఉన్నది కల్తీ లేని ప్రేమే. పండగ భోజనానికి పిల్లలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నప్పుడు మాత్రం, కారణమేదీ లేకుండా బల్లమీది గుడ్డను పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. పళ్లేలు, తిండి అన్నీ నేలపాలు. ఎత్తిపొయ్యమని భార్యను కేకేస్తాడు. మనల్ని వణికించేది ఆ కేక కాదు. దానికి ముందు కొన్ని క్షణాలు అతను ఏమీ చెయ్యకుండా కూర్చున్న తీరు. ఆ తండ్రి వేషం వేసిన పీట్ పోసల్‌త్వైట్ (1946–2011) పేరు చెప్పగానే ఎవరైనా ముందుగా వాడే మాట ‘తీవ్రత’. దాన్ని పుట్టుకతో వచ్చిన గుణంగానో, లోపల రగిలే ఏదో బాధగానో చెప్పడం మనకు అలవాటైపోయింది. ఆయన పని వరసగా చూస్తే అందులో అంత మర్మమేమీ లేదనిపిస్తుంది. అది చేసి చేసి నేర్చుకున్న విద్య, ఎంత చూపాలన్నదానికన్నా ఎంత దాచాలన్నది తెలిసిన విద్య. ఆ విద్య నేర్పిన బడి బ్రిటన్‌లోని ప్రాంతీయ రెపర్టరీ థియేటర్.

ఆయన పుట్టింది ఇంగ్లండు వాయవ్యంలోని వారింగ్టన్ అనే పారిశ్రామిక పట్టణంలో, ఒక క్యాథలిక్ శ్రామిక కుటుంబంలో. కొంతకాలం పంతులుగా చేసి, ఆ తరవాతే బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరాడు. 1970లలో లివర్‌పూల్ ఎవ్రీమ్యాన్ థియేటర్‌లో జూలీ వాల్టర్స్, బిల్ నై, జొనాథన్ ప్రైస్‌లతో కలిసి వేషాలు వేశాడు. రెపర్టరీ అంటే ఒక ఊళ్లో స్థిరంగా ఉండే బృందం. కొన్ని వారాలకో కొత్త నాటకం దించుతుంది. రాత్రి ఒక వేషం, పగలు మరో నాటకానికి రిహార్సల్. ఈ నెల రాజు వేసినవాడు వచ్చే నెల రెండు మాటల తాగుబోతు వేషానికి సిద్ధంగా ఉండాలి. ఆ వేగంలో ప్రతి పాత్రకూ ఓ జీవిత చరిత్ర రాసుకుంటూ కూర్చోవడం కుదరదు. నడకలోనో, ఊపిరిలోనో, భుజాల బరువులోనో ఏదో ఒక్కదాన్ని పట్టుకుని దాని చుట్టూ మనిషిని కట్టుకోవాలి. అంతకన్నా ముఖ్యం, ఎదుటివాడి డైలాగ్ నిజంగా వినాలి. నిన్నటిదాకా మరో నాటకంలో ఉన్న తోటి నటుడు ఇవాళ ఏం చేస్తాడో ముందే తెలియదు కాబట్టి వినకపోతే దొరికిపోతారు. పైగా ఎవ్రీమ్యాన్ ప్రేక్షకులు ఆ ఊరివాళ్లే. వాళ్ల ముందు లివర్‌పూల్ యాస తప్పు పలికితే మొదటి వరసలోనే నవ్వు వినపడుతుంది. అంతకు మించిన పరీక్ష ఏ పాఠశాలా పెట్టలేదు.

ఈ శిక్షణ కెమెరా ముందు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే జిమ్ షెరిడాన్ ‘ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్’ (1993) చూడాలి. 1974 గిల్డ్‌ఫర్డ్ పబ్ పేలుళ్ల కేసులో అన్యాయంగా జైలు పాలైన జెరీ కాన్లన్ కథ అది. కొడుక్కి సాయపడదామని లండన్ వచ్చి తానూ అరెస్టయి, 1980లో ఖైదీగానే చనిపోయిన తండ్రి జుసెప్పె పాత్ర పోసల్‌త్వైట్‌ది. తండ్రీకొడుకులు నిజంగా ఒకే గదిలో శిక్ష అనుభవించలేదు, అది సినిమా కల్పన. ఆ స్వేచ్ఛను తప్పుపట్టినవాళ్లున్నారు, చరిత్ర దృష్టితో వాళ్ల మాటా సబబే. నటనకు మాత్రం ఆ ఇరుకు గది ఓ ప్రయోగశాల. ఒక పక్క డేనియల్ డే లూయిస్ తిరగబడతాడు, ఏడుస్తాడు, తండ్రి మీద పడి అరుస్తాడు. రెండో పక్క పోసల్‌త్వైట్ భుజాలు లోపలికి ముడుచుకుని, ఊపిరి పొదుపుగా వాడుకుంటూ, కొడుకు మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. కొడుకు తన చిన్నతనం నుంచీ మోస్తున్న ఉక్రోషాన్ని కక్కుతున్నంతసేపూ కెమెరా తండ్రి వైపు తిరిగినప్పుడల్లా మనకు కనిపించేది వినడం మాత్రమే. కోపం ఎవరిదైనా దాని బరువు మనకు తెలిసేది ఆయన మొహంలోనే. ఇంతా చేసి, ఆ తండ్రి వేసినాయన ఆ కొడుకు వేసినాయన కన్నా పదకొండేళ్లే పెద్ద. జైలు గదిలో రాత్రులు గడిపి, బరువు తగ్గి పాత్రలోకి దిగిన డే లూయిస్ పద్ధతికి పోసల్‌త్వైట్ తీరు విరుద్ధమని కొందరంటారు. డే లూయిస్ కూడా బ్రిస్టల్ బడి విద్యార్థేనని గుర్తుంచుకుంటే ఆ విభజన అంత గట్టిగా నిలవదు. ఆ ఏడాది సహాయ నటుడి ఆస్కార్ నామినేషన్ పోసల్‌త్వైట్‌కు దక్కింది.

ఇదంతా నేర్చుకున్న విద్యేనన్న వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం మొహం గురించి. ఎత్తయిన చెంప ఎముకలు, నలిగిన ముక్కు, లోతైన కళ్లు. అలాంటి మొహముంటే ఊరకే నిలబడినా చాలు, విద్య ఎందుకు అని. మొహం అవకాశాలు తెచ్చిపెట్టిందనడంలో సందేహం లేదు. కానీ అదే మొహం రెండు జబ్బు ఊపిరితిత్తుల పాత్రల్లో ఏం చేసిందో పక్కపక్కన పెట్టి చూడండి. జుసెప్పె దగ్గు సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు. ‘బ్రాస్డ్ ఆఫ్’ (1996)లో బొగ్గు గని బ్యాండుకు నాయకుడైన డానీ అదే దగ్గును శత్రువులా చూస్తాడు. సంగీతానికి అడ్డొచ్చింది కాబట్టి దాని మీద అతనికి కోపం. యార్క్‌షైర్‌లోని గ్రైమ్‌థార్ప్ గని 1993లో మూతపడింది. ఆ ఊరి బ్యాండే ఈ కథకు మూలం, సినిమాలో వినిపించే వాద్యమూ ఆ బ్యాండుదే. చివర్లో ఆల్బర్ట్ హాల్లో గెలిచాక డానీ ట్రోఫీ వద్దంటాడు. సంగీతం కన్నా మనుషులు ముఖ్యమని, ప్రభుత్వం ఆ మనుషులనే గాలికొదిలేసిందని చెబుతాడు. కాగితం మీద అది ఉపన్యాసం, కాస్త బరువైనదే. ఆయన నోట అది అలా వినిపించకపోవడానికి కారణం ఊపిరి. గాలి చాలని మనిషి ఎక్కడ ఆగక తప్పదో అక్కడ ఆగుతాడు, చప్పట్లు పడేచోట కాదు. (అంత మాట అన్నాక బ్యాండువాళ్లలో ఒకడు ట్రోఫీని చేతపట్టుకునే బయటికి నడుస్తాడు, రచయితకు హాస్యం తెలుసు.) సినిమా వచ్చిన మరుసటి ఏడాది చుంబవాంబా బృందం ‘టబ్‌థంపింగ్’ పాట ఆల్బమ్ రూపానికి ఆ ప్రసంగంలోని ముక్కనే ఎత్తుగడగా పెట్టుకుంది. మొహం కనపడకుండా వట్టి గొంతుతోనే ఆ మాట నిలబడింది. ఇక ‘ద యూజువల్ సస్పెక్ట్స్’ (1995)లో కోబయాషి అనే లాయరు. పేరు జపనీస్, యాసలో మన ఉపఖండపు ఛాయ, మనిషి ఏ దేశంవాడో తేలదు. కథ మొత్తం ఒక అబద్ధాలకోరు అప్పటికప్పుడు అల్లుతున్నదని చివర్లో తెలిశాక, ఆ ఊరూపేరూ లేని యాస ఎంత ఆలోచించి ఎంచుకున్నదో అర్థమవుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇంత విద్య ఉండీ చివరికి మిగిలింది సహాయ పాత్రలేనా, పైగా ‘క్లాష్ ఆఫ్ ద టైటన్స్’ లాంటి బొమ్మల కోలాహలంలోనూ చెయ్యాల్సి వచ్చిందే అని. నిజమే, నాసిరకం సినిమాను నిలబెట్టే శక్తి ఏ క్యారెక్టర్ నటుడికీ లేదు. ఉందని చెప్పడం అభిమానం. అయితే పాత్రను నిమిషాలతో కొలిచే అలవాటే ఇక్కడ పొరపాటు. మన ప్రేక్షకుల్లో చాలామంది చూసిన ‘ఇన్‌సెప్షన్’ (2010)లో ఆయన చావుబతుకుల్లో ఉన్న కోటీశ్వరుడు. మంచం దిగడు, పట్టుమని పది మాటలుండవు. కొడుకు తనను నిరాశపరిచాడన్న ఆ ముసలాయన మాట నమ్మశక్యంగా లేకపోతే, కలల మీద కలలు పేర్చిన ఆ కట్టడం దేనికోసమో ఎవరికీ పట్టదు. అన్ని కోట్ల సినిమాలో ఆ మెలిక ఒక మంచాన పడ్డ మనిషి గొణుగుడు మీద ఆధారపడింది. ఆయనతో 1997లో రెండు సినిమాలు తీసిన స్పీల్‌బర్గ్ ఆయన్ను ప్రపంచంలోనే గొప్ప నటుడన్నాడని అంటారు. తాను గొప్ప నటుణ్నని పీట్ అనుకుంటున్నాడన్నదే అసలు మాటై ఉంటుందని ఆయన చమత్కరించేవాడు. బృందంలో పెరిగినవాడికి ర్యాంకుల మీద ఉండే అనుమానం అది.

2008లో లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న ఏడాది ఎవ్రీమ్యాన్‌కు తిరిగొచ్చి, రూపర్ట్ గూల్డ్ దర్శకత్వంలో లియర్ రాజు వేశాడు. విమర్శకులంతా మెచ్చలేదు. దర్శకుడి ఆర్భాటం ఎక్కువైందన్నారు. పోసల్‌త్వైట్ కోరుకున్నది లండన్ వెస్ట్ ఎండ్‌లో కాకుండా అక్కడ, ఆ ఊరి జనం ముందు వెయ్యడం. ఈ విద్య ఊరికే రాదు, దానికి ఓ బృందాన్ని ఏళ్లతరబడి జీతాలిచ్చి పోషించాలి. ఎవ్రీమ్యాన్ పాత భవనాన్ని పడగొట్టి 2014లో కొత్తది తెరిచారు. దానికి ఆ ఏడాది బ్రిటన్‌లో వాస్తుశిల్పానికి ఇచ్చే పేరున్న స్టర్లింగ్ బహుమతి వచ్చింది. 2017లో సొంత నటబృందాన్ని మళ్లీ పెట్టుకున్నారు, డబ్బు చాలక రెండు సీజన్లకే ఆపేశారు. భవనానికి దొరికిన డబ్బు నటుల జీతాలకు దొరకలేదు.