మర్చిపోతే ఎవరికి లాభం?

పేకాట జరిగేచోట ఆడేవాళ్లకన్నా చూసేవాళ్లకే ఆట బాగా వస్తుంది. పెళ్లివారి విడిదిలో దుప్పటి పరుచుకుని ఆరుగురు కూర్చుంటే వాళ్ల వెనక పదిమంది నిలబడతారు. "ఆ ఆఠీను రాణిని ఎందుకు పారేశావు బాబాయ్, దానికోసమేగా ఆయన కాచుకు కూర్చున్నది!" అని ముక్క కింద పడీ పడకముందే ఒకడు అనేస్తాడు. బాబాయ్ గుడ్లురుముతాడు, అవతలాయన ముక్కలు విసిరేస్తాడు, ఆట అక్కడితో సరి. నోరు మెదపకుండా ఆట చూడటం మనవాళ్లకు పట్టుబడని విద్య. కొంతకాలంగా ఆదివారం సాయంత్రాలు నేను ఆ విద్యనే సాధన చేస్తున్నాను.

మా తెల్లాపూర్‌లో ఏ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కి వెళ్లినా ఒక మూల షటిల్, ఒక మూల జుంబా, ఒక మూల పిల్లల చెస్ కోచింగ్ ఉంటాయి. మా దగ్గర వీటికి తోడు మ్యాజిక్ బల్ల ఒకటి ఉంది. మంత్రాలూ మాయలూ కావు, 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే కార్డుల ఆట. గచ్చిబౌలిలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో వారమంతా మీటింగులతో అలసిపోయినవాళ్లు కొందరు, ఆన్‌సైట్‌కి వెళ్లినప్పుడు అమెరికాలో ఈ వ్యసనం అంటించుకుని వచ్చినవాళ్లు కొందరు. పక్క బల్ల మీద వాళ్ల పిల్లలు పోకెమాన్ కార్డులు ఆడుతుంటారు. తగువొస్తే తీర్చడానికి పెద్దమనిషి ఒకడు కావాలి కాబట్టి, నిబంధనల పుస్తకం ఓపిగ్గా చదివిన నేరానికి, నన్ను కూర్చోబెట్టారు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణిత పండితుడు తయారుచేయగా 1993లో మార్కెట్లోకి వచ్చిన ఆట ఇది. రమ్మీలా అందరికీ ఒకటే పేక కాదు, ఎవరి పేక వాళ్లే కూర్చుకుని తెచ్చుకుంటారు. సాధారణంగా ఇద్దరూ చెరో 20 లైఫ్‌తో మొదలుపెడతారు, సున్నాకి వచ్చినవాడు ఓడినట్టు. ప్రతి కార్డు మీదా అది చేసే పని రాసి ఉంటుంది. వాటిలో ఒక రకం రాతలు 'ఫలానాది జరిగినప్పుడల్లా', 'నీ వంతు మొదలవగానే' అంటూ మొదలవుతాయి. వీటిని ట్రిగ్గర్లంటారు. సోల్ వార్డెన్ అని ఒక చిన్న కార్డుంది. అది బల్ల మీద ఉండగా మరో జీవి బరిలోకి దిగిందంటే, ఆ జీవి ఎవరిదైనా సరే, సోల్ వార్డెన్ యజమానికి 1 లైఫ్ కలుస్తుంది. మా బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. డేటాబేస్‌లో ట్రిగ్గర్ రాసి పెడితే వరుస చేరిన ప్రతిసారీ అదే నడుస్తుంది, ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఇదే ఆటను కంప్యూటర్‌లో 'మ్యాజిక్ అరీనా'గా ఆడితే అక్కడా అంతే, లెక్కంతా యంత్రమే చూసుకుంటుంది. బల్ల మీద ఆడేటప్పుడు మాత్రం ఆ ట్రిగ్గర్‌ని నడపాల్సింది మన బుర్ర. శుక్రవారం రాత్రి రిలీజు ముగించుకుని వచ్చిన బుర్ర.

ఆ మధ్య ఒక ఆదివారం జరిగిన సంగతి చెబుతాను. సోల్ వార్డెన్ పెట్టుకున్న కుర్రాడికి ఎదురుగా ఇంకొకడు కొత్త జీవిని దింపాడు. దింపి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఓ క్షణం ఆగాడు. ఆ ఆగడం నాకు బాగా గుర్తుంది. తొందరపెట్టలేదు, ముఖంలో ఏ మార్పూ లేదు. వార్డెన్ యజమాని చేతిలోని కార్డులు సర్దుకుంటూ "ఊఁ, కానీ" అన్నాడు. అవతలివాడు పాత జీవులతో దాడికి దిగాడు. అడ్డుకోవడాలు, చనిపోవడాలు అన్నీ అయ్యాక మనవాడికి వెలిగింది.

"అరే, నాకు ఒక లైఫ్ రావాలి కదా! అన్నా, నువ్వు చూస్తూనే ఉన్నావుగా?"

"చూశాను."

"మరి చెప్పొచ్చుగా!"

"కార్డు నీది, చెప్పాల్సింది నువ్వు."

తర్వాత నిబంధన ప్రకారం ఎదుటివాణ్ణి అడిగాను, ఇప్పుడు ఇస్తావా అని. వాడు "వద్దన్నా" అన్నాడు. నిజానికి ఆ ఒక్క లైఫ్‌తో ఆట ఫలితమేమీ మారలేదు. అయినా తగువు మాత్రం చాయ్ వచ్చిందాకా నడిచింది.

కుర్రాడి బాధలో న్యాయం లేకపోలేదు. కార్డు మీద 'వస్తుంది' అని రాసి ఉంది, 'కావాలంటే తీసుకో' అని కాదు. రాసి ఉన్నది జరగకపోతే ఆట తప్పు జరిగినట్టే కదా, ఆ తప్పును కళ్లారా చూసి ఊరుకోవడం మోసం కాదా? నిజమే, పోటీల నిబంధనలు ఒకప్పుడు ఇలాగే ఆలోచించేవి. బల్ల మీద ఆట సరిగ్గా నడిచే బాధ్యత ఇద్దరిదీ అనేవారు. ఎదుటివాడి తప్పనిసరి ట్రిగ్గర్ జారిపోవడం చూసి కావాలని ఊరుకుంటే మోసం కింద లెక్క. వినడానికి ధర్మంగానే ఉంది గానీ, ఆచరణలో దాని అర్థం, నన్ను ఓడించడానికి వచ్చినవాడి కార్డులకు నేను గుమాస్తాగిరీ చేయాలని. పైగా జడ్జి ఎదుటివాడి మనసులోకి తొంగిచూసి, చూడక ఊరుకున్నాడా, చూసి ఊరుకున్నాడా అని తేల్చాలి. 2012 నాటికి ఆ పద్ధతి మార్చేశారు. నీ ట్రిగ్గర్ గుర్తుపెట్టుకునే పూచీ నీదే, ఎదుటివాడు చెప్పక్కర్లేదు. ఆట కొంచెం ముందుకు పోయాక గుర్తొస్తే, దాన్ని ఇప్పుడు జరగనివ్వాలా వద్దా అన్నది ఎదుటివాడి ఇష్టం.

ఈ చివరి మాట మొదటిసారి చదివినప్పుడు, దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందే అనుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నాక అందులోని కిటుకు తెలిసింది. దాడి ముగిసి, ఎవరి దగ్గర ఏముందో సగం బయటపడ్డాక గుర్తొచ్చిన లాభానికి విలువ ఎక్కువ. లేటుగా గుర్తుచేసుకోవడమే ఒక ఎత్తుగడగా మారకూడదంటే ఆ నిర్ణయం లాభపడేవాడి చేతిలో ఉండకూడదు. మరి జడ్జి చేతిలో పెడితే? ప్రతి ఆటలోనూ వాడు మూడో ఆటగాడైపోతాడు.

అన్ని ట్రిగ్గర్లూ లాభం తెచ్చేవే కావు. అసలు తమాషా ఇక్కడే ఉంది. 1993 నాటి 'జుజామ్ జిన్' అనే పాత కార్డు చూడండి. బలమైన భూతమే, కాకపోతే నీ వంతు మొదలైనప్పుడల్లా అది నిన్నే 1 లైఫ్ మేరకు కొరుకుతుంది. తక్కువ ఖర్చుకి అంత పెద్ద భూతం దొరికినందుకు కట్టే వడ్డీ అది. ఇది మర్చిపోతే? సోల్ వార్డెన్‌ని మర్చిపోయినవాడు తన లాభమే పోగొట్టుకున్నాడు, అదే వాడికి శిక్ష, ఇంకో శిక్ష ఎందుకు? జుజామ్‌ని మర్చిపోయినవాడు మర్చిపోయి లాభపడ్డాడు. అందుకే అలాంటి యజమానికి హాని చేసే ట్రిగ్గర్ జారిపోతే పోటీలో వార్నింగ్ ఇస్తారు. అది కనిపిస్తే జడ్జి నోరు విప్పాలి. గుర్తుండి కూడా కావాలని వదిలేశాడని తేలిందో, అది మర్చిపోవడం కాదు, మోసమే, దాని సంగతి వేరుగా చూస్తారు. పేజీల కొద్దీ ఉన్న ఆ నిబంధనల వెనక కనిపించే ప్రశ్న నాకు ఒక్కటే: మర్చిపోతే ఎవరికి లాభం? మర్చిపోయినవాడికే లాభమైతే చట్టం వస్తుంది. వాడికే నష్టమైతే చట్టానికి పనిలేదు.

ఎదుటివాడి మౌనానికీ హద్దులున్నాయి. చెప్పకుండా ఉండొచ్చు గానీ, వాడు మర్చిపోయేలా చేయకూడదు. జీవిని దింపుతూనే గబగబా దాడి మొదలుపెట్టి, వాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా ఆటను నెట్టుకుపోతే అది ట్రిగ్గర్ తప్పిపోయినట్టు కాదు. వెనక్కి తెచ్చి జరిపిస్తారు. ఆ ఆదివారం జీవిని దింపినవాడు చెయ్యి వెనక్కి తీసుకుని ఆగాడన్నానే, ఆ క్షణమే వాడి వాదనను నిలబెట్టింది. అలాగే "నీ లైఫ్ ఎంత?" అని అడిగితే నిజమే చెప్పాలి. ఊరుకోవడం వేరు, అబద్ధం వేరు.

ఇదేదో విదేశీ వింత అనుకునేవాళ్లకు క్రికెట్ గుర్తుచేస్తాను. బ్యాట్ అంచు తగిలిన చప్పుడు అంపైర్‌కి స్పష్టంగా వినిపించినా, ఫీల్డింగ్ జట్టులో ఒక్కరూ 'హౌ ఈజ్ దట్' అనకపోతే వేలెత్తడానికి వీల్లేదు. 31వ నిబంధన అదే. బౌలర్ తర్వాతి బంతికి పరుగందుకున్నాడంటే ఇక అడిగే హక్కు కూడా పోతుంది. 2023 నవంబరు 6న ఢిల్లీలో ఏంజెలో మాథ్యూస్ హెల్మెట్ పట్టీ తెగి, కొత్తది తెప్పించుకునేలోపు టైమ్డ్ అవుట్ అయ్యాడు గదా. ఆ రోజు దేశమంతా గడియారం గురించీ క్రీడాస్ఫూర్తి గురించీ వాదించుకుంది. గడియారం తనంతట తాను ఎవర్నీ అవుట్ చేయదు. అవతలి జట్టు కెప్టెన్ షకీబ్ అడిగాడు కాబట్టి మాథ్యూస్ వెళ్లాడు. అడక్కపోతే ఆడుతూ ఉండేవాడు. చదరంగంలోనూ ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అవుతుంది, కానీ అడిగినవాడికే. ఐదుసార్లు వస్తే మాత్రం ఎవరూ అడక్కపోయినా ఆర్బిటరే ఆపేస్తాడు, 2014లో తెచ్చిన మార్పది. మూడు నుంచి ఐదు దాకా ఆ రెండు మెట్లూ మన జ్ఞాపకానికి వదిలేశారు.

జ్ఞాపకం నైపుణ్యం కిందికి వస్తుందా రాదా అన్నది మన ఊళ్లోనే ఒకసారి సుప్రీంకోర్టు దాకా పోయింది. 1963లో సికింద్రాబాద్ క్రిసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు దాడి చేశారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పైకోర్టుకెక్కింది. 1967 నవంబరులో తీర్పు చెబుతూ జస్టిస్ హిదయతుల్లా, రమ్మీ మూడు ముక్కలాటలాంటిది కాదన్నారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అదృష్టం పాలు ఉన్నా ప్రధానంగా ఇది నైపుణ్యమే అని ఆయన తేల్చిన సారాంశం. తర్వాత రమ్మీ కంపెనీలు ఈ తీర్పును జెండాలా మోసుకు తిరగడం, ఇళ్లు గుల్లవడం, 2017లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించడం వేరే కథ. నాకు కావలసిందల్లా తీర్పులో మొదట చెప్పిన ఆ కారణం, పడిన ముక్క గుర్తుంచుకోవడం. దాన్ని నైపుణ్యమని ఒప్పుకున్నాక, ఎదురుగా కూర్చున్నవాడు దాన్ని మనకు ఉచితంగా అందించాలని అడగలేం. పడిన ముక్కలన్నీ పక్కవాడు చదివి వినిపిస్తుంటే అది రమ్మీ అవుతుందా?

అలాగని ప్రతి బల్ల దగ్గరా ఇంత బిగింపు పనికిరాదు. నిబంధనలు రాసినవాళ్లకు ఆ మాత్రం తెలుసు. మామూలు స్థాయి ఆటలకు వాళ్లే వేరే పద్ధతి పెట్టారు. మర్చిపోయినది తప్పనిసరి ట్రిగ్గర్ అయి, ఇప్పుడు జరిపిస్తే ఆట కలగాపులగం కాదనుకుంటే జరిపించేయడమే. చేయాలా వద్దా అని ఇష్టానికి వదిలిన ట్రిగ్గర్ అయితే వద్దనుకున్నాడని సరిపెట్టుకోవాలి. మా పిల్లల బల్ల దగ్గర నేను ఇంకా మెత్తన. తొమ్మిదేళ్ల పిల్ల ఎదుటి పిల్లాడితో "ఒరేయ్, నీ కార్డు ఇంకో కార్డు తీసుకోమంటోంది, చూసుకో" అని చెబితే ఆపను. ఆ పిల్ల నిబంధన నేర్చుకుంటోంది, వాడికీ నేర్పుతోంది. నాకు చిరాకు పుట్టించేది ఆ పిల్ల వెనక నిలబడి "ఎందుకు చెప్పావు నీకు నువ్వే?" అని గొణిగే తండ్రి. పిల్లల చెస్ టోర్నమెంట్లలో తల్లిదండ్రుల్ని హాలు బయట నిలబెట్టడం చూసి మొదట్లో నేను నవ్వుకున్నాను. ఇప్పుడు అలాంటి తలుపు మా క్లబ్‌హౌస్‌కీ ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఇక మా పెద్దవాళ్ల బల్ల. నెలకో ఆదివారం బహుమతి పెట్టి గట్టి నిబంధనలతో ఆడుకుంటున్నారు. బహుమతంటే సీలు విప్పని బూస్టర్ ప్యాకెట్లు, ఎవరో డల్లాస్ నుంచి సూట్‌కేసులో పచ్చళ్లు పట్టుకెళ్లిన చోట పెట్టి తెచ్చినవి. ఈసారి ఒకాయన 'పాక్ట్ ఆఫ్ నెగేషన్' పెట్టుకుని పేక కూర్చుకుంటున్నాడట. అదో అప్పు కాగితం. ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఎదుటివాడి మంత్రాన్ని కొట్టేయొచ్చు, మళ్లీ నీ వంతు మొదలవగానే 5 మానా (ఈ ఆటలో ఖర్చుపెట్టే శక్తి) కట్టాలి, కట్టకపోతే ఆట ఓడినట్టే. అనుభవమున్నవాళ్లు అది వాడగానే, తర్వాత తీయాల్సిన పేక మీద ఒక డైస్ పెట్టుకుంటారు. ముక్క తీయబోతే చేతికి అడ్డం తగిలి గుర్తొస్తుందని. నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి. కిందటివారం ఆయన నా దగ్గరికి వచ్చి "సార్, మీరు ఎలాగూ పక్కనే ఉంటారు కదా, నేను మర్చిపోతే కొంచెం దగ్గండి" అన్నాడు. దగ్గు మందు వేసుకుని వస్తానని చెప్పాను. డైస్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని గ్రూపులో మెసేజ్ పెట్టేశాను.