పూటకూళ్ల యింటి రూక, పల్నాటి జొన్నకలి

క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూళ్ల యింటిని వర్ణించు పద్య మొకటి కలదు. సన్నబియ్యపు టన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుకొను కూరలు, గడ్డపెరుగు — ఇన్నియు ఒక్క రూకకే. ఆనాటి ఆంధ్రుల ఆహారమున కిది సాక్ష్యమని పలువురు చూపుదురు. సురవరం ప్రతాపరెడ్డిగారును 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ కావ్యమును విరివిగా వాడుకొనిరి. నాకు మాత్రము అది రూక గలవాని కోరికకు సాక్ష్యముగా తోచును. పద్యమున వడ్డించువాని పేరున్నది, వెల యున్నది. తినువాని పేరు లేదు. రూక చేత నుండిన ఎవడైనను ఆ పూటకు భోగియే.

దీని ప్రక్కన శ్రీనాథునివని ప్రసిద్ధికెక్కిన చాటువులు రెండింటి నుంచి చదువవలెను. కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకొన్న కవి కుల్లాయి పెట్టెను, పెద్ద అంగీ తొడిగెను, వెల్లుల్లియు నువ్వులపిండియు తినెను, అంబలి త్రాగెను. వేషమును తిండియు మారిన పిదప మిగిలినది పేరొక్కటే. దానిని పద్యపు తుదిని నిలిపెను. ఇది పరసీమ తిండిని ఈసడించుట యందురు. అట్లయిన పల్నాటి చాటువు మాట యేమి? జొన్నకలి, జొన్నయంబలియే గాని సన్నన్నము లేదని వాపోయినది తెలుగుసీమను గూర్చియే గదా! ఆ నాలుక వెదకినది తెలుగును గాదు, సన్నబియ్యమును.

మన సంగతికి వత్తము. హొసూరు, కోలారు ప్రాంతములలో తరతరములుగా నున్న తెలుగిండ్ల తిండి రాగిసంకటి. మన యువకులు బెంగుళూరున ‘ఆంధ్ర భోజనము’ అను పేరుపలక చూచి లోని కేగి, అరటియాకున గోంగూర, కందిపొడి, నేయి వడ్డింపించుకొని, ‘ఇదే మన తిండి’ యందురు. రుచికి వంక పెట్టను, నేనును పోవువాడనే. కాని వారి అవ్వ వండిన దది కాదు. మా తరగతిలో ‘మా యింటి భోజనము’ అని వ్యాసము వ్రాయుమన్న, పిల్లలు ఆవకాయను వ్రాసి, ఉదయము తిని వచ్చిన సంకటిని విడుతురు. అది వ్రాసిన తెలుగుదనమునకు లోటని వారి శంక. ఆవకాయ కొన్నను దొరకును. సంకటి, తెడ్డు, ఊరిబిండి అను మాటలు అవ్వ నోటనే యున్నవి.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. ఆ రాగియే నేడు నగరపు భోజనశాలలలో మంచి వెలకు అమ్ముడగుచున్నది. కొనువారు దానిని ఆరోగ్యమందురు, ఏ భాషవారి తిండి యని యడుగరు. మా తరగతిలో ఇపుడు పల్నాటి చాటువును ముందు చెప్పి, కన్నడ రాజ్యలక్ష్మి చాటువును పిదప చెప్పుచున్నాను.