మనిషి ఒకరే, రికార్డులు మూడు

కస్టమర్ల వివరాలన్నీ ఒకచోట దాచుకునే సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ కొనే కంపెనీలు చార్టులు చూస్తాయి, ఆటోమేటిక్ మెసేజీలు చూస్తాయి, ఈమధ్య ఏఐ అంచనాలు కూడా చూస్తున్నాయి. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది, ఒక మనిషిని ఒక మనిషిగా గుర్తుపట్టే శక్తి ఆ సాఫ్ట్‌వేర్‌కు ఉందా అన్నది. మన పేర్లతో ఈ పని మరీ కష్టం. కొత్తపల్లి లక్ష్మి ఒక బిల్లులో కె. లక్ష్మి, ఒక దరఖాస్తులో లక్ష్మి కె., మరోచోట ఇంగ్లిష్ స్పెల్లింగు మారిన లక్ష్మి. అమెరికాలో 1918లో పేటెంట్ పొందిన సౌండెక్స్ పద్ధతి ఉచ్చారణను బట్టి పేరుకు కోడ్ ఇస్తుంది. లక్ష్మిని 'కేఎస్‌హెచ్'తో రాసినా 'ఎక్స్'తో రాసినా కోడ్ ఒకటే. కానీ మొదటి అక్షరాన్ని అది ఉన్నదున్నట్టే ఉంచుతుంది. అందుకే జ్ఞానేశ్వరిని ఒకరు 'జి'తో, ఒకరు 'జె'తో రాస్తే ఇద్దరు మనుషులైపోతారు. ఇంటిపేరు ముందుకొచ్చినా అంతే.

ఫోన్ నంబరు ఉంటే చాలదా అంటారు. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇచ్చే కుటుంబాలు మనలో ఎన్నో. పైగా వదిలేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆధార్‌ను ప్రైవేటు కంపెనీలు ఇష్టమొచ్చినట్టు అడిగే వీలు లేకుండా 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక మిగిలింది, ఉన్న వివరాలన్నిటినీ కలిపి తూచడం. దీనికి గణిత పునాది వేసింది 1969లో ఇవాన్ ఫెల్లెగి, అలన్ సంటర్ రాసిన పరిశోధన పత్రం. ఏ రెండు రికార్డులైనా ఒకరివే, ఒకరివి కావు, తేల్చలేం అని వాళ్లు మూడుగా విభజించారు. తేల్చలేనివాటిని మనిషి కంటితో చూడాలి. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ మూడో గుంపే. ఒకరి ఫిర్యాదు, ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో కలిసిపోతే జరిగే నష్టం డూప్లికేట్ల వల్ల జరిగేదానికంటే ఎక్కువ. అందుకే ఏ వివరం ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పుడు మారిందో చూపే చరిత్ర ఉండాలి. కలిపినదాన్ని విడదీసే వీలూ ఉండాలి. అలాగని డూప్లికేట్లను వదిలేయలేం. తన వివరాలు సరిదిద్దమని, తొలగించమని కోరే హక్కును 2023 డేటా రక్షణ చట్టం పౌరుడికి ఇచ్చింది. మనిషి మూడు రికార్డుల్లో ఉంటే ఒకచోట దిద్దినది మిగతా రెండుచోట్లా తప్పుగానే ఉండిపోతుంది.

సీఆర్ఎం చెడేది సాంకేతికత వల్ల కాదు, సేల్స్‌వాళ్లు వివరాలు ఎక్కించకపోవడం వల్ల అన్న వాదన ఉంది. అందులో కొంత నిజముంది. అయితే ఒక పేరు వెతికితే ఐదు రికార్డులు కనిపించే తెరను ఎవరు నమ్ముతారు? వాళ్లు తమ నోట్‌బుక్కుకే తిరిగిపోతారు. ఏఐ కూడా దీన్ని దానంతట అది సరిచేయదు. ఫిర్యాదు ఒక రికార్డులో, కొనుగోలు ఇంకో రికార్డులో ఉంటే, కోపంగా ఉన్న కస్టమర్‌కే అది ఆఫర్ పంపిస్తుంది. కొనబోయేవారికి నా విన్నపం ఒకటే. అమ్మేవారు తెచ్చిన నమూనా పేర్లతో డెమో చూడకండి. మన పేర్లు వంద, రకరకాల స్పెల్లింగులతో రాసిచ్చి పరీక్షించండి. పొరపాటున కలిసిన రెండు రికార్డులను మీ ముందే విడదీయమనండి. అది చేయలేకపోతే సంతకం పెట్టకండి.